కర్నూలు, అనంతపురం, కడప జంటలకు దీవి ప్రయాణం: హడావుడి లేకుండా ప్లాన్ చేసుకునే పద్ధతి

రాయలసీమలో పుట్టి పెరిగినవాళ్లకు సముద్రమంటే కాలేజీ టూర్‌లోనో, చెన్నైలో బంధువుల ఇంటికి పోయినప్పుడు మెరీనాలోనో చూసిందే. కర్నూలుకు తుంగభద్ర ఉంది, అనంతపురం కడపల వైపు పెన్న ఉంది, కానీ ఆ పెన్న ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే. అందుకే దీవికి వెళ్దామనుకోగానే మనవాళ్లలో చాలామంది చేసే పని ఒకటే. ఇంత దూరం పోతున్నాం కదా, అన్నీ చూసేద్దామని 'ఐదు రాత్రులు, మూడు దీవులు, పదిహేను స్పాట్లు' అనే ప్యాకేజీ తీసుకుంటారు. పొద్దున నాలుగింటికి అలారం, ఆరింటికి పడవ, మధ్యాహ్నం ఇంకో హోటల్. తిరిగొచ్చాక ఆ అలసట తీరడానికి మళ్లీ సెలవు పెట్టాలి.

ఇక్కడ చెప్పేది దానికి పూర్తిగా ఎదురు పద్ధతి. ఒక దీవి, మహా అయితే రెండు. ఒకే గదిలో కనీసం మూడు రాత్రులు. రోజుకు ఒక పని, మధ్యలో ఒక రోజు అసలు ఏ పనీ లేకుండా ఖాళీ. ఈ లెక్కకు మీరు ఒప్పుకుంటేనే కింద రాసినవన్నీ పనికొస్తాయి.

బుకింగ్‌కు ముందు: ఇద్దరూ విడివిడిగా ఒక చీటీ రాయండి

నవ్వుకోకండి, ఇది పనిచేస్తుంది. ఇద్దరూ ఒకరిది ఒకరు చూడకుండా ఈ ట్రిప్‌లో తమకు కావాల్సినవి మూడు రాయండి. ఒకరు 'తొమ్మిది దాకా నిద్ర' అని, ఇంకొకరు 'సూర్యోదయం ఫోటోలు' అని రాశారనుకోండి, ఆ గొడవ అక్కడికి పోయాక కాకుండా ఇంట్లోనే తేలిపోతుంది. ఒక్కొక్కరి చీటీలోంచి మొదటిది తప్పకుండా చేయాలి, రెండోది వీలైతే చేయాలి, మూడోదాని గురించి పట్టుబట్టకూడదు.

రెండో సంగతి ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పడం. ముందే తేదీలు చెప్పేసి టికెట్లు కూడా తీసుకున్నామంటే మాట్లాడరు. 'పోదామనుకుంటున్నాం' అని మొదలుపెడితే మాత్రం అత్త, మామ, మరిది, ఇద్దరు పిల్లలతో సహా తొమ్మిది మంది తయారవుతారు, దారిలో తిరుపతి కూడా కలుస్తుంది. పిల్లలున్నవాళ్లయితే వాళ్లను ఎవరి దగ్గర వదలాలన్నది మొదట తేల్చుకొని, ఆ తర్వాతే మిగతాది. జేజి దగ్గర ఉంటారంటే జేజికి ఆ వారం వేరే పనుల్లేవని కనుక్కోండి.

ఏ దీవి?

మనకు దగ్గర్లో అందేవి నాలుగైదే. నా ఓటు అండమాన్‌కే, ఎందుకో చెప్తాను, ముందు మిగతావాటిని చూద్దాం.

లక్షద్వీప్ చూడ్డానికి అన్నిటికంటే అందమైనదే కావచ్చు, కానీ అక్కడికి భారతీయులకు కూడా ముందుగా ఎంట్రీ పర్మిట్ కావాలి. సాధారణంగా కొచ్చి వెళ్లి, అక్కడి నుంచి లక్షద్వీప్‌లోని అగత్తి దీవికి చిన్న విమానంలోనో, ఓడలోనో పోవాలి. గదులు తక్కువ, సీట్లు తక్కువ, అందుకని నెలల ముందు మొదలుపెట్టాలి. బంగారం దీవిలో తప్ప మిగతా చోట్ల మద్య నిషేధం. కాగితాల పనికి ఓపిక ఉన్న జంటకు బాగుంటుంది.

మాల్దీవులకు పాస్‌పోర్ట్ ఉండాలి, వీసా అక్కడికి దిగాక ఉచితంగా ఇస్తారు. వెళ్లే ముందు 96 గంటల లోపు ఆన్‌లైన్‌లో ప్రయాణికుల డిక్లరేషన్ ఫారం నింపాలి. ఇక్కడ మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఒకచోట. రిసార్ట్ ధర చూసి మురిసిపోయి, రాజధాని మాలే నుంచి ఆ రిసార్ట్‌కు పోయే స్పీడ్‌బోట్ లేదా సీప్లేన్ (నీళ్ల మీద దిగే విమానం) ఖర్చు చూడరు. కొన్నిసార్లు అదే గది అద్దెకు దగ్గరగా ఉంటుంది. పైగా సీప్లేన్లు పగటి పూటే ఎగురుతాయి, సాయంత్రం మాలేలో దిగితే ఆ రాత్రి అక్కడే ఇంకో గది తీసుకోవాలి. ఖర్చు తగ్గాలంటే మాఫుషి లాంటి స్థానికులుండే దీవిలో గెస్ట్‌హౌస్ తీసుకోవచ్చు, కానీ అలాంటి దీవుల్లో మద్యం దొరకదు, ఈత దుస్తులతో తిరగడానికి విడిగా ఒక బీచ్ కేటాయించి ఉంటుంది.

విమానం ఖర్చే వద్దనుకుంటే, బెంగళూరు నుంచి రాత్రి ప్రయాణంలో ఉడుపి వెళ్లి మల్పే దగ్గర గది తీసుకోండి. అక్కడి నుంచి పడవలో సెయింట్ మేరీస్ దీవికి పోయి రావచ్చు. నిలువు స్తంభాల్లా నిలబడిన అగ్నిశిలలు చూడ్డానికి బాగుంటాయి. రాత్రి ఉండనివ్వరు, వానాకాలంలో పడవలు నడపరు. రామేశ్వరం కూడా దీవే అనుకోండి, కానీ అక్కడికి పెద్దవాళ్లను తీసుకుపోకుండా మిమ్మల్ని ఎవరు పంపుతారు?

అండమాన్‌కు పాస్‌పోర్ట్ అక్కర్లేదు, టూరిస్టులు మామూలుగా వెళ్లే దీవులకు మనకు పర్మిట్ కూడా అక్కర్లేదు, ఆధార్ చాలు. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై మూడింటి నుంచీ పోవచ్చు. ఇంకొకటి, 2011 జనగణన ప్రకారం అక్కడ బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత ఎక్కువమంది మాతృభాష తెలుగే. అండమాన్ రాజధాని పోర్ట్ బ్లెయిర్‌లో ఆటో ఎక్కితే ఉత్తరాంధ్ర యాసలో పలకరింపు వినిపించినా ఆశ్చర్యపోకండి. ఇక్కడి నుంచి నేను అండమాన్ గురించే చెప్తాను.

పేర్లు మారాయి, అది గుర్తుపెట్టుకోండి, లేదంటే టికెట్ చూసి కంగారు పడతారు. హేవ్‌లాక్ దీవి 2018లో స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ దీవి షహీద్ ద్వీప్ అయింది. పోర్ట్ బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురం అయింది. మనుషులు మాత్రం ఇంకా పాత పేర్లే వాడతారు, నేనూ అదే చేస్తాను.

ఎప్పుడు పోవాలి

సంక్రాంతి అయిపోయాక జనవరి చివరి వారం నుంచి మార్చి సగం దాకా. సముద్రం నెమ్మదిగా ఉంటుంది, నీళ్లు తేటగా ఉంటాయి, క్రిస్మస్, కొత్త సంవత్సరం రద్దీ పోయి ధరలు కాస్త దిగొస్తాయి. ఏప్రిల్‌లో ఎండ, ఉక్క ఎక్కువైనా సముద్రం బాగానే ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానలు, పడవలు రద్దవుతాయి, డైవింగ్‌కు పోతే నీళ్లు మసకగా ఉంటాయి. అక్టోబర్ నుంచి డిసెంబర్ మొదటి వారాల దాకా బంగాళాఖాతంలో తుపాన్ల కాలం. పోవచ్చు, కానీ రద్దు చేసుకునే వీలున్న టికెట్లు తీసుకోండి.

మాఘం, ఫాల్గుణంలో పెళ్లయినవాళ్లకు అదృష్టం, పెళ్లి హడావుడి తగ్గగానే బయల్దేరవచ్చు. జ్యేష్ఠంలో అయినవాళ్లకు ఎలాగూ ఆషాఢంలో పెళ్లికూతుర్ని పుట్టింటికి పంపేస్తారు, అప్పుడు అక్కడ కూడా వానలే కాబట్టి ఈ ఒక్క విషయంలో ఆచారమూ వాతావరణ శాఖా ఒకే మాట మీద ఉన్నాయి. శ్రావణంలో పెళ్లయితే తొందరపడకుండా జనవరి దాకా ఆగండి.

మన ఊరి నుంచి ఎయిర్‌పోర్ట్ దాకా

ట్రిప్ రిలాక్స్‌గా ఉంటుందా లేదా అన్నది సగం ఇక్కడే తేలుతుంది, అయినా దీని గురించి ఎవరూ ఆలోచించరు. 44వ నంబర్ జాతీయ రహదారి మీద ఉన్న మనకు ఒక సౌకర్యం ఉంది. హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్ శంషాబాద్‌లో, అంటే సిటీకి కర్నూలు వైపే ఉంది. బెంగళూరు ఎయిర్‌పోర్ట్ దేవనహళ్లి దగ్గర, అంటే సిటీకి అనంతపురం వైపే ఉంది. ఏ సిటీ ట్రాఫిక్‌లోకీ పోనక్కర్లేదు. కర్నూలు నుంచి శంషాబాద్ సుమారు 190 కిలోమీటర్లు, అనంతపురం నుంచి దేవనహళ్లి సుమారు 180. బస్సు ఎక్కేటప్పుడే కండక్టర్‌కో డ్రైవర్‌కో ఎయిర్‌పోర్ట్ దగ్గర దిగాలని చెప్తే మలుపు దగ్గర దింపుతారు, అక్కడి నుంచి క్యాబ్. రాత్రి రెండింటికి హైవే పక్కన సూట్‌కేసులతో నిలబడడం ఇష్టం లేకపోతే కారే మాట్లాడుకోండి, డబ్బు దండగ అనుకోవద్దు.

కడపవాళ్లకు చెన్నై గానీ బెంగళూరు గానీ ఐదారు గంటల దారి. చెన్నైకి రేణిగుంట మీదుగా రైళ్లున్నాయి. అందులో పోయి రాత్రి ఎయిర్‌పోర్ట్ దగ్గర ఒక సాదా గదిలో నిద్రపోతే పొద్దుటి విమానం హాయిగా అందుతుంది.

ఓర్వకల్లు, కడప ఎయిర్‌పోర్టుల నుంచి కూడా విమానాలు నడుస్తుంటాయి గానీ రూట్లు, రోజులు మారిపోతుంటాయి. ఆ సర్వీసు మీ తేదీకి ఉంటే వాడుకోండి, కానీ దాన్నీ పోర్ట్ బ్లెయిర్ విమానాన్నీ వేర్వేరు టికెట్లుగా తీసుకొని మధ్యలో రెండు గంటలే పెట్టుకోకండి. మొదటిది ఆలస్యమైతే రెండోది మీ కోసం ఆగదు, డబ్బూ వెనక్కి రాదు.

పోర్ట్ బ్లెయిర్‌కు పోయే విమానాలు చాలావరకు తెల్లవారుజామున, పొద్దుట ఉంటాయి. బెంగళూరు, చెన్నైల నుంచి నేరుగా పోయేది రెండుంబావు, రెండున్నర గంటల ప్రయాణం. కోల్‌కతా మీదుగా తిప్పి రెండు వేలు తక్కువకు ఇచ్చే టికెట్ వైపు చూడకండి. ఓడలు కూడా ఉన్నాయి, చెన్నై నుంచీ విశాఖ నుంచీ, కానీ రెండున్నర మూడు రోజులు పడుతుంది. ఇద్దరిలో ఒకరికి కడుపులో తిప్పినా ఆ కాపురం ఓడలోనే కుదుపులకు లోనవుతుంది.

రాత్రులు ఎలా పంచుకోవాలి

ఆరు రాత్రులు దొరికితే నేనైతే ఇలా పంచుతాను. దిగిన రోజు పోర్ట్ బ్లెయిర్‌లో ఒక రాత్రి, హేవ్‌లాక్‌లో నాలుగు, చివరి రాత్రి మళ్లీ పోర్ట్ బ్లెయిర్‌లో. నీల్ కూడా చూడాలని చీటీలో ఉంటే హేవ్‌లాక్‌లో ఒకటి తగ్గించి అక్కడ ఒక రాత్రి ఉండొచ్చు, కానీ నాకు అది అంతగా నచ్చదు, ఒక్క రాత్రి కోసం మళ్లీ సామాను సర్దడం, మళ్లీ పడవ. ఏడో రాత్రి ఉంటే నీల్‌కు రెండు ఇవ్వండి, అప్పుడు బాగుంటుంది. హేవ్‌లాక్ కంటే చిన్నది, సైకిల్ మీద తిరిగేయవచ్చు, జనం తక్కువ.

చివరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండాలన్నది మాత్రం మార్చకండి. పడవలు వాతావరణం బాగాలేకపోతే ఆగిపోతాయి. విమానం రోజు పొద్దున హేవ్‌లాక్ నుంచి బయల్దేరే ప్లాన్ అంటే జూదమే.

మొదటి రోజు మధ్యాహ్నం కాసేపు పడుకొని సాయంత్రం సెల్యులార్ జైలు చూడండి. 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తి చేశారు, ఏడు రెక్కలుగా కట్టినదాంట్లో ఇప్పుడు మూడే మిగిలాయి. మన రంప పోరాటంలో పట్టుబడ్డవాళ్లను కూడా ఇక్కడికి పంపారు. సాయంత్రం సౌండ్ అండ్ లైట్ షో ఉంటుంది, టికెట్ ముందే తీసుకోండి. హనీమూన్‌లో జైలేంటి అనుకునేవాళ్లు చివరి రోజుకు పెట్టుకోండి, కానీ వదిలేయవద్దు.

బారాటాంగ్ సున్నపురాయి గుహలు ప్రతి ప్యాకేజీలో ఉంటాయి. దానికోసం తెల్లవారుజామున మూడింటికి లేచి, జారవా తెగవారి రిజర్వ్ అడవి గుండా పోయే వాహనాల వరుసలో నిలబడాలి. ఆ దారిలో ఆగకూడదు, వాళ్లను ఫోటోలు తీయకూడదు, తీస్తే కేసవుతుంది. మనుషులుండే చోటు గుండా జంతు ప్రదర్శనకు పోయినట్టు పోవడం నాకు ఎలాగూ నచ్చదు. రిలాక్స్ కోసం పోయేవాళ్లు దీన్ని కొట్టేయండి.

పడవ సంగతి

పోర్ట్ బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్ సుమారు 40 కిలోమీటర్లు. ప్రైవేటు ఏసీ పడవలు గంటన్నర, రెండు గంటల్లో తీసుకుపోతాయి, ప్రభుత్వ పడవలు చౌక గానీ కాస్త ఎక్కువసేపు పడుతుంది, సీట్లు దొరకడం కష్టం. విమానం టికెట్ తీసుకున్న వెంటనే పడవ టికెట్ కూడా తీసుకోండి, హోటల్ ఆ తర్వాత. పడవ టైమ్ తెలియకుండా హోటల్ తీసుకుంటే తేదీలు తారుమారవుతాయి. ఎక్కేటప్పుడు ఇద్దరి ఒరిజినల్ గుర్తింపు కార్డులూ అడుగుతారు, కాబట్టి ఆధార్‌లను పెట్టెలో అడుగున పెట్టకండి.

సముద్రం అలవాటు లేని మనకు వాంతుల బెడద ఉంటుంది. పొద్దున్నే పడవ అయితే ఆ రోజుకు ఉగ్గాని బజ్జీ లాంటి నూనె తిండి జోలికి పోకండి, రెండు ఇడ్లీలు చాలు, ఖాళీ కడుపు కూడా మంచిది కాదు. కింది అంతస్తులో, పడవ మధ్యలో సీటు తీసుకుంటే కుదుపు తక్కువ. ఫోన్ చూడకుండా దూరంగా సముద్రపు అంచు వైపు చూస్తుండండి. మాత్ర వేసుకునే అలవాటుంటే డాక్టర్‌ను అడిగి తెచ్చుకొని, బయల్దేరడానికి ముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే లాభం లేదు.

గది: ఫోటో కాదు, దిక్కు చూడండి

హేవ్‌లాక్‌లో ఊళ్లకు పేర్లున్నా అందరూ బీచ్ నంబర్లతో చెప్తారు. పడవ రేవు ఒకటో నంబర్, గోవింద్‌నగర్ మూడు, విజయనగర్ ఐదు, రాధానగర్ ఏడు. మూడు, ఐదు తూర్పు ఒడ్డున ఉన్నాయి, ఎక్కువ హోటళ్లు, తిండి దుకాణాలు అక్కడే. రాధానగర్ పడమర ఒడ్డున, రేవుకు 12 కిలోమీటర్ల దూరంలో ఉంది. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మంచి బీచ్ అన్నది దీన్నే, 2020లో శుభ్రమైన బీచ్‌లకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు కూడా వచ్చింది.

తూర్పు ఒడ్డున 'బీచ్ వ్యూ' గదికి ఎక్కువ డబ్బు పెట్టి తీరా పోయి చూస్తే, ఆటు సమయంలో నీళ్లు చాలా దూరం వెనక్కి పోయి రాళ్లు, బురద కనిపిస్తాయి. ఫోటోలో ఉన్నది పోటు సమయం. కొబ్బరి చెట్ల కింద ఉయ్యాలలో పడుకోడానికి, సూర్యోదయం చూడ్డానికి తూర్పు ఒడ్డు బాగుంటుంది, ఈతకు మాత్రం రాధానగరే. అందుకని తూర్పున తోటలో ఉన్న మామూలు కాటేజీ తీసుకొని, మిగిలిన డబ్బుతో స్కూటర్ అద్దెకు తీసుకొని రోజూ రాధానగర్ పోయి రావడం నాకు సరైన లెక్క అనిపిస్తుంది. స్కూటర్‌కు ఒరిజినల్ లైసెన్స్ కావాలి, ఇద్దరికీ హెల్మెట్ అడగండి.

పూల మంచం, కేకు, క్యాండిల్ లైట్ డిన్నర్ అని విడిగా వేల రూపాయలు కట్టించుకునేవాటికి డబ్బులివ్వకండి. కొత్తగా పెళ్లయిందని ఫోన్‌లో చెప్తే చాలా హోటళ్లు ఎంతో కొంత ఊరికే చేస్తాయి. పెళ్లి కాని జంటలకు ఇద్దరూ మేజర్లయితే చట్టపరంగా ఇబ్బంది లేదు గానీ కొన్ని హోటళ్లు సొంత నిబంధనలు పెట్టుకుంటాయి, బుక్ చేసేముందే అడిగి జవాబు మెసేజ్‌లో రాయించుకోండి. ఇంకొక జాగ్రత్త: రిసార్ట్ పేరుతో నకిలీ వెబ్‌సైట్లు పెట్టి అడ్వాన్సు దండుకునేవాళ్లున్నారు. సెర్చ్‌లో పైన కనబడిన నంబర్‌కు డబ్బు పంపకుండా, పేరున్న బుకింగ్ యాప్‌లో కడితే నయం.

పంచాంగం తీసుకెళ్లండి, నిజంగానే

ముహూర్తం కోసం కాదు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఆటుపోట్లు పెద్దవి, అష్టమి దగ్గర చిన్నవి. ఇది తెలిస్తే సగం ప్లాన్ అయిపోయినట్టే. నీల్‌లో సహజంగా ఏర్పడిన రాతి వంతెన దగ్గరికి ఆటు సమయంలోనే నడిచి పోగలం, అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీళ్లు ఇంకా బాగా తీస్తాయి. అష్టమి చుట్టుపక్కల రోజుల్లో అయితే తూర్పు ఒడ్డున నీళ్లు మరీ దూరం పోవు.

అమావాస్యకు ఇంకో లాభం ఉంది. హేవ్‌లాక్‌లో రాత్రిపూట మడ అడవుల మధ్య చిన్న కయాక్ పడవలో తీసుకుపోతారు, తెడ్డు వేసినచోటల్లా నీళ్లలోని సూక్ష్మజీవుల వల్ల నీలంగా వెలుగు చిమ్ముతుంది. వెన్నెల ఉంటే అది కనిపించదు. కాబట్టి ఈ కోరిక చీటీలో ఉన్న జంట అమావాస్యకు రెండు రోజులు అటూ ఇటూ తేదీలు పెట్టుకోవాలి. అమావాస్యకు ప్రయాణమేంటని ఇంట్లో అంటారు, ప్రయాణం ముందే మొదలవుతుంది, అమావాస్య అక్కడ వస్తుంది అని చెప్పండి.

ఆటుపోట్లు రోజుకు రెండేసి సార్లు వస్తాయి, ప్రతి రోజూ ముందు రోజు కంటే దాదాపు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. ఆ రోజు టైములు హోటల్‌వాళ్లను అడిగితే చెప్తారు.

పొద్దు సంగతి కూడా ఉంది. అండమాన్ మనకు సుమారు 15 డిగ్రీలు తూర్పున ఉంది, గడియారం మాత్రం ఒకటే. అంటే అక్కడ సూర్యుడు కర్నూలు కంటే గంట ముందు లేచి గంట ముందే పోతాడు. చలికాలంలో ఐదు, ఐదున్నరకే అస్తమయం. ఇంటి అలవాటుతో టీ తాగి తీరిగ్గా ఆరింటికి రాధానగర్ చేరితే చీకటే. నాలుగింటికల్లా అక్కడ ఉండండి. దీన్నే మీకు అనుకూలంగా మార్చుకోవచ్చు, రాత్రి ఏడున్నరకే భోజనం, తొమ్మిదింటికి నిద్ర, పొద్దున ఐదింటికి అలారం లేకుండా మెలకువ. లేటుగా లేచే మనిషి కూడా రెండో రోజుకల్లా దారికొస్తాడు.

నీళ్లలో దిగడం

మనలో ఈత వచ్చినవాళ్లు తక్కువ. బావిలో, చెరువులో నేర్చుకున్నవాళ్లు కూడా సముద్రంలో ఆ ధైర్యం చేయకండి, లాగే నీరు వేరు. ఎలిఫెంటా బీచ్ అని కొందరంటారు గానీ అది ఎలిఫెంట్ బీచ్, అక్కడ లైఫ్ జాకెట్ వేసి, గైడ్ ఒక రింగు పట్టుకొని పగడపు దిబ్బల మీదుగా తిప్పుతారు, ఈత రాకపోయినా సరే. పొద్దుటి మొదటి పడవల్లో పోతే రద్దీ తక్కువ. స్కూబా, అంటే గాలి సిలిండర్‌తో నీళ్ల అడుగుకు పోవడం, మొదటిసారి చేసేవాళ్లకు కూడా ఈత అవసరం లేదు, ట్రైనర్ పక్కనే పట్టుకొని ఉంటాడు. ఆస్తమా, గుండె జబ్బు, చెవి సమస్య, జలుబు ఉంటే మాత్రం దిగకండి, గర్భిణులు అసలు చేయకూడదు. ఆరోగ్య ఫారంలో అబద్ధం రాయకండి.

స్కూబా చేశాక కనీసం 18 గంటలు, 24 అయితే ఇంకా మంచిది, విమానం ఎక్కకూడదు. ఒత్తిడి తేడా వల్ల రక్తంలో నత్రజని బుడగలు కట్టే ప్రమాదం ఉంది. అందుకే స్కూబా హేవ్‌లాక్‌లో రెండో రోజుకు పెట్టుకొని, మూడో రోజును ఖాళీగా వదిలేయండి. ఆ ఖాళీ రోజును చివరిదాకా కాపాడుకోవాలి, 'ఎలాగూ ఖాళీయే కదా' అని ఏజెంటు ఏదో ఒకటి ఇరికిస్తాడు.

మడ అడవులు, వాగులు సముద్రంలో కలిసే చోట్లలో ఉప్పునీటి మొసళ్లుంటాయి. హెచ్చరిక బోర్డు ఉన్నచోట కాలు కూడా పెట్టకండి.

తిండి, డబ్బు

చేపలు, రొయ్యలు తినేవాళ్లకు పండగే. శాకాహారులకు బెంగాలీ, ఉత్తరాది భోజనం, దోసె ఇడ్లీ దొరుకుతాయి గానీ మూడో రోజుకు నాలుక కారం అడుగుతుంది. చెనిక్కాయల పొడి, కారప్పొడి డబ్బాలో పెట్టుకోండి. ఊరగాయ తీసుకుపోతే చెకిన్ లగేజీలో గట్టిగా కవరు చుట్టి పెట్టండి, చేతి సంచిలో వదలరు. పవర్ బ్యాంకు సంగతి దానికి తిరగబడి ఉంటుంది, అది చేతి సంచిలోనే ఉండాలి.

ఖర్చు అంటారా, ఆరు రాత్రులకు మధ్య రకం గదులు, ప్రైవేటు పడవలు, విమానాలతో కలిపి ఇద్దరికీ అరవై వేల నుంచి లక్ష దాకా అనుకొని మొదలుపెట్టండి. ఇది నా అంచనా, విమాన టికెట్ ఎప్పుడు తీసుకున్నారన్న దాన్ని బట్టి పది, ఇరవై వేలు అటూ ఇటూ అవుతుంది. తగ్గించాల్సి వస్తే రాత్రులు తగ్గించకండి, గది తరగతి తగ్గించండి. నెట్‌వర్క్ మునుపటి కంటే చాలా నయం, 2020లో చెన్నై నుంచి సముద్రం కింద కేబుల్ వేశాక, అయినా చిన్న దీవుల్లో యూపీఐ పనిచేయని పూట ఉంటుంది, కొంత నగదు పోర్ట్ బ్లెయిర్‌లోనే తీసుకోండి.

ఏజెంటు ద్వారానే పోతామంటే మూడు అడగండి: ఏ పడవ, ఏ హోటల్, రద్దయితే ఎంత వెనక్కి. 'అదే స్థాయి హోటల్' అనే మాట రాసి ఉంటే హోటల్ పేరు రాయమనండి.

సంచి సర్దేటప్పుడు

నగలు ఇంట్లో పెట్టేయండి. నల్లపూసలు, సన్న గొలుసు చాలు, నీళ్లలో దిగే రోజు అవి కూడా గది లాకర్‌లో. కర్నూలు ఎండ చూసినవాళ్లం మాకేంటి అనుకోవద్దు, అక్కడిది వేరే రకం, ఉక్కకు చెమట ఆరదు, తెల్ల ఇసుక నుంచి కూడా కాక కొడుతుంది. పొడుగు చేతుల పల్చటి కాటన్ బట్టలు, టోపీ, సన్‌స్క్రీన్, ఇసుక ఈగలకు రాసుకునే మందు, తడి బట్టలకు వేరే కవరు, రోజూ వేసుకునే మందులు మొత్తం ట్రిప్‌కు సరిపడా. ఆఫీసు లాప్‌టాప్ వద్దు. 'మెయిల్ మాత్రం చూసుకుంటా' అని తెచ్చుకున్న లాప్‌టాప్ వల్ల చెడిన సాయంత్రాలు చాలా ఉంటాయి.

తిరుగు ప్రయాణం

ఒడ్డున దొరికిన గవ్వలు, పగడపు ముక్కలు సంచిలో వేసుకోకండి. ఎయిర్‌పోర్ట్ స్కానర్‌లో పట్టుకుంటారు, చట్టప్రకారం నేరం కూడా. బొమ్మలు, గవ్వల వస్తువులు కావాలంటే లైసెన్స్ ఉన్న దుకాణంలో కొని బిల్లు దాచుకోండి.

మధ్యాహ్నానికి బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో దిగితే రాత్రికి ఇంట్లో ఉంటారు, సాయంత్రం దిగితే అర్ధరాత్రి దాటుతుంది. రెండో రకమైతే మరుసటి రోజు సెలవు ముందే పెట్టుకోండి. ఆదివారం రాత్రి ఇల్లు చేరి సోమవారం ఆఫీసుకు పోయేలా కాకుండా, శనివారం తిరిగొచ్చేలా తేదీలు పెట్టుకోండి.